తర్వాత చూద్దాంలే!

మన చిన్నప్పటి పలకకి ఒక మంచి గుణం ఉండేది. మనం రాస్తే తప్ప దానిమీద ఏమీ ఉండేది కాదు. చెరపాలన్నా మనమే చెరపాలి. రాత్రి గూట్లో పెట్టి పడుకుంటే, పొద్దున్న లేచేసరికి పెట్టింది పెట్టినట్టే ఉండేది పాపం.

ఇప్పుడు మన ఇళ్ళల్లో టీవీ బల్లమీదో, దేవుడి గది పక్క అలమారలోనో ఉంటున్న కొత్త పలకకి ఆ గుణం బొత్తిగా లేదు. టాబ్లెట్ అనండి, టాబ్ అనండి, ఐప్యాడ్ అనండి, నాకు మాత్రం పలక అన్న పేరే నోటికి హాయిగా ఉంటుంది. మనం పడుకున్నా అది మేలుకునే ఉంటుంది. ఎక్కడెక్కడి కబుర్లో మోసుకొచ్చి, పొద్దున్నే కాఫీ కలుపుకునే వేళకి సరిగ్గా ఒక ప్రశ్న వేస్తుంది: "కొత్త అప్‌డేట్ వచ్చింది. ఇప్పుడు వేసుకుంటారా, తర్వాతా?"

పొయ్యిమీద పాలు, వీధిలో కూరలబండి, లోపల "నా బనీను ఏదీ?" అన్న కేక. ఇన్నిటిమధ్య ఆడది ఏం చెబుతుందండీ? "తర్వాత చూద్దాంలే" అంటుంది. మనకి అలవాటైన మాటే కదా! డాక్టరుకి చూపించుకోవలసిన మోకాలు తర్వాత. చదవాలని తెచ్చుకున్న నవల తర్వాత. ఆఖరికి వేడి అన్నం కూడా అందరి తర్వాతే. ఆ వరసలోనే ఈ అప్‌డేటూను.

అయితే ఆ "తర్వాత" వెనక ఉన్నది తీరిక లేకపోవడం ఒక్కటే కాదని నా అనుమానం. ఇంకోటి భయం. అదేమిటో మనకి తెలియదు, తెలియనిదాన్ని ముట్టుకుంటే ఏమవుతుందో అన్న బెంగ. అడుగుదామంటే "నీకెందుకులే అమ్మా, నేను చూస్తాగా" అంటారు పిల్లలు. అంచేత ఇవాళ ఆ బ్రహ్మపదార్థం సంగతేమిటో మనం మనం చెప్పుకుందాం.

అప్‌డేట్ అనేది ఇంట్లో మనం చేసుకునే పనుల్లాంటిదే. అందులో మూడు రకాలున్నాయి. ఒకటి, వానాకాలం రాకముందే కప్పు ఎక్కి చిల్లులు పూడ్చుకోవడం. రెండు, ఇంట్లోకి ఒక కొత్త సామాను తెచ్చుకోవడం. మూడు, ఉన్న సామాన్లనే అటుదిటూ ఇటుదటూ సర్దడం. మూడూ ఒకే మూటలో కట్టి పంపిస్తారు. గొడవంతా అక్కడే వస్తుంది.

మొదటిది చాలా అవసరం. 2017 మే నెలలో వన్నాక్రై అనే పురుగు లోకమంతటా కంప్యూటర్లలో జొరబడి, లోపలున్న కాయితాలన్నిటికీ తాళాలు వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. బ్రిటన్‌లో ఆస్పత్రుల పనులు ఆగిపోయి ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాతపడ్డాయి. విచిత్రం ఏమిటంటే, ఆ పురుగు దూరిన చిల్లుని పూడ్చే అప్‌డేట్ని మైక్రోసాఫ్ట్ వాళ్ళు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే పంపించారు. వేసుకున్నవాళ్ళు బతికిపోయారు. "తర్వాత" అన్నవాళ్ళు దొరికిపోయారు. అవి బల్లమీది కంప్యూటర్లే, పలకలు కావనుకోండి. అయినా కప్పు ఏదైతేనేం, చిల్లు చిల్లే.

ఇంకో ముచ్చట ఉంది, ఇది అచ్చంగా మన తెలుగువాళ్ళది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లనీ ఐప్యాడ్లనీ కుప్పకూల్చింది. అతిశయోక్తి కాదు, నిజంగానే! ఆ అక్షరం జ్ఞా. జ్ఞానంలోని జ్ఞా, జ్ఞాపకంలోని జ్ఞా. అది ఉన్న మెసేజి వస్తే చాలు, దాన్ని చూపించబోయిన ఆప్ మూతపడిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూత. పైన చిన్న గళ్ళో నోటీసులా కనపడితే ఏకంగా పరికరమే సొమ్మసిల్లిపోయేది. కొంటెవాళ్ళు ఊరుకుంటారా? కావాలనే ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు.

మన అక్షరానికి అంత శక్తి ఎక్కణ్ణించి వచ్చిందంటారా? ఇంగ్లీషు అక్షరాలు బడిపిల్లల్లా ఒకదాని పక్కన ఒకటి వరసగా నిలబడతాయి. మనవి అలా కాదు. ఒకటి తలమీద ఎక్కుతుంది, ఒకటి కాళ్ళ కింద దూరుతుంది, ఒకటి పక్కనుంచి చెయ్యి చాస్తుంది. ఉమ్మడి కుటుంబం లాంటి వ్యవహారం. జకారం కింద ఞ వత్తు, దానికి దీర్ఘం. వీటన్నిటినీ ఎక్కడ కూచోబెట్టాలో యంత్రం ప్రతిసారీ లెక్క వేసుకోవాలి. ఆ వత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి పడితే, ఆ లెక్క తప్పి యంత్రం తల తిరిగి పడిపోయేది. మనం మామూలుగా జ్ఞాపకం అని రాసుకుంటే ఏమీ కాలేదు. మధ్యలో ఆ దొంగగుర్తు ఉంటేనే ప్రమాదం. ఆపిల్ కంపెనీ ఫిబ్రవరి 19న 11.2.6 అనే అప్‌డేట్ పంపి దాన్ని బాగుచేసింది. అన్నివేల మైళ్ళ దూరాన కూర్చుని మన జ్ఞకారాన్ని బుజ్జగించారంటే నాకెందుకో ముచ్చటేసింది. అలాంటి అప్‌డేట్లని మాత్రం తర్వాత అనకండి.

ఇహ రెండో రకం, కొత్త సామాన్లు. ఇందులో తమాషాలు బోలెడున్నాయి. మొదటి ఐప్యాడ్ అమెరికాలో అమ్మకానికి వచ్చింది 2010 ఏప్రిల్‌లో. సినిమాలు చూపించింది, పాటలు పాడింది, దేశాల పటాలు చూపించింది. కానీ కూడికలూ తీసివేతలూ చేసే కాల్‌క్యులేటర్ మాత్రం దాంతో రాలేదు. పాల లెక్క చూసుకోవాలంటే ఎవరో ఇంకొకళ్ళు తయారుచేసిన ఆప్ తెచ్చుకుని, మధ్యమధ్య ప్రకటనలు భరించాలి. కంపెనీ సొంత కాల్‌క్యులేటర్ ఎప్పుడు వచ్చిందనుకున్నారు? 2024 సెప్టెంబరులో! పద్నాలుగేళ్ళు! వానొస్తుందో లేదో చెప్పే ఆప్ అంతకు రెండేళ్ళ ముందు, 2022లో వచ్చింది. వాట్సాప్ అయితే 2025 మే నెలలో గాని ఐప్యాడ్‌కి సొంతంగా రాలేదు. వడియాలు పెట్టుకునే ఇంట్లో వాన సంగతీ, పాలవాడి లెక్కా అన్నిటికంటే ముందు కావాలని ఆ కంపెనీలో ఏ ఇల్లాలూ చెప్పలేదు కాబోలు.

ఆండ్రాయిడ్ వాళ్ళ పద్ధతి వేరు. వాళ్ళు 2009 నుంచీ పదేళ్ళపాటు ఒక్కో అప్‌డేట్‌కీ ఒక్కో మిఠాయి పేరు పెట్టారు. అదీ అక్షరాల వరసలో. కప్‌కేక్, డోనట్, ఇక్లేర్... అలా పై దాకా. 2011లో పలకలకోసమే ప్రత్యేకంగా తయారుచేసిన దానికి హనీకోంబ్, అంటే తేనెపట్టు అని పేరు. 2016లో ఎన్ అక్షరం వంతు వచ్చినప్పుడు పేర్లు చెప్పండని జనాన్ని అడిగితే, కేరళవాళ్ళు తమ నెయ్యప్పం పేరు పెట్టాలని పట్టుబట్టారు. చివరికి గెలిచింది నూగట్ అనుకోండి. అయినా ప్రయత్నం చేశారు. 2019 నుంచి మిఠాయిలు మానేసి ఉత్త అంకెలు వేసుకుంటున్నారు. లేకపోతే పి దగ్గర పూతరేకులూ, బి దగ్గర బొబ్బట్లూ ఎందుకు పనికిరావని మనమూ ఒక మాట అడిగి ఉండేవాళ్ళం.

కొత్త ఆప్‌ల విషయంలో మాత్రం మన అమ్మమ్మల జాగ్రత్తే మేలు. వీధిలో సామాను అమ్మొచ్చినవాణ్ణి వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడేవాళ్ళు, పడగ్గదిలోకి రానిచ్చేవాళ్ళా? ఆప్ తెచ్చుకోగానే "మీ ఫోటోలు చూడవచ్చా, మీ చిరునామాల పుస్తకం చూడవచ్చా, మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చా" అని అడుగుతుంది. టార్చిలైటు వెలిగించే ఆప్‌కి మనం ఏ ఊళ్ళో ఉన్నామో ఎందుకండీ? 2013 డిసెంబరులో అమెరికాలో ప్రభుత్వం వాళ్ళు అచ్చం ఇలాంటి టార్చిలైటు ఆప్‌నే పట్టుకున్నారు. కోట్లకొద్దీ జనం దాన్ని వాడారు. వాళ్ళు తిరిగే చోట్లన్నీ అది ప్రకటనల వాళ్ళకి చేరవేసింది. వెలుగు మనకి, జాడ వాళ్ళకి.

అప్పట్లో ఆండ్రాయిడ్‌లో అన్నిటికీ ఒక్కసారే ఒప్పుకుంటేనే ఆప్ దొరికేది. 2015లో వచ్చిన అప్‌డేట్‌తో ఆ పద్ధతి మారింది. ఏది కావలసినప్పుడు దానికే అడగాలి, మనం కాదనచ్చు. ఐప్యాడ్‌లో 2021 ఏప్రిల్ నుంచి, వేరే కంపెనీల ఆప్‌లలో మనం ఏం చేస్తున్నామో వెంటపడి చూడాలంటే ముందు మన అనుమతి అడిగి తీరాలి. చూశారూ, కాదనే హక్కు కూడా అప్‌డేట్ ద్వారానే వచ్చింది. ఆ మీట నొక్కడానికి మొహమాటపడకండి. పెళ్ళివారికి కట్నం దగ్గర కాదనలేకపోవచ్చు గాని, యంత్రం దగ్గర మొహమాటమేమిటి?

మూడోది సర్దుబాటు. అసలు నేను చెప్పదలచుకున్నది దీన్నిగురించే. 2012లో ఆపిల్ వాళ్ళు తమ పరికరాల్లో అప్పటిదాకా ఉన్న గూగుల్ మ్యాపులు తీసేసి తమ సొంతవి పెట్టారు. అవి తప్పుదారులు చూపించాయి. కంపెనీ పెద్ద టిమ్ కుక్ పదిమంది ముందూ క్షమాపణ చెప్పుకున్నారు. మరుసటేడు, 2013లో, తెరమీది బొమ్మల రూపురేఖలన్నీ ఒక్కసారిగా మార్చేశారు. అందం సంగతి ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ చేతికి అలవాటైనది మారితే ఏమవుతుందో అప్‌డేట్ పంపేవాళ్ళకి తెలుస్తుందా అని నాకు సందేహం.

మా పిన్నికి డెబ్భై నాలుగేళ్ళు. తెనాలిలో ఒక్కతే ఉంటుంది. కూతురు టెక్సాస్‌లో. ప్రతి ఆదివారం పొద్దున్నే పిన్ని పూజ ముగించి, పలక ఎదురుగా పెట్టుకుని కూచుంటే, అవతల మనవరాలు కనపడేది. ఆ పిల్లకి పాలపళ్ళు ఊడే వయసు. ఏ పన్ను కదులుతోందో నోరు తెరిచి అమ్మమ్మకి చూపించడం ఆదివారపు కార్యక్రమం. పిన్నికి ఆ ఆప్‌ల పేర్లేవీ తెలియవు. "కిందనుంచి రెండో వరస, ఎడంచేతి మొదటిది" అంతే. వంటింట్లో చీకట్లో కూడా ఆవాల డబ్బా తీస్తాం చూడండి, అలా.

ఒకసారి పెళ్ళికని వచ్చిన బంధువుల కుర్రాడు రాత్రి ఆ పలక చూసి, ఇన్ని అప్‌డేట్లు పేరుకుపోయాయే అని జాలిపడి, పిన్ని నిద్రపోయాక అన్నీ వేసేసి, తెల్లవారు బండికి వెళ్ళిపోయాడు. ఉపకారమే చేశాననుకున్నాడు పాపం. ఆదివారం పిన్ని కూచుంటే రెండో వరసలో ఆ బొమ్మ లేదు. వెతికి పట్టుకుంటే రంగు వేరు, లోపల పాస్‌వర్డ్ అడిగింది. అది పెట్టింది అల్లుడు, ఎప్పుడో సెలవలకి వచ్చినప్పుడు.

ఆ తర్వాత నేను తెనాలి వెళ్ళేటప్పటికి రెండు ఆదివారాలు గడిచిపోయాయి. పలక అలమారలో, ఎంబ్రాయిడరీ గుడ్డ కింద ఉంది. ఈలోపు కూతురు ఫోను చేస్తే "నెట్టు సరిగ్గా రావడంలేదమ్మా" అని చెబుతూ వచ్చిందిట.

"అది పాడైపోయిందే అమ్మాయ్" అంది నాతో.

తీసి చూశాను. "పాడవలేదు పిన్నీ, మారింది" అన్నాను.

పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత మెల్లిగా అంది: "మారిందని నాకెవరన్నా చెప్పారుటే? నా వంటింట్లో డబ్బాలన్నీ రాత్రికి రాత్రి మార్చేసి, ఉప్పేదో పంచదారేదో నన్ను కనుక్కోమన్నట్టుంది. నాకే మతిమరుపు వచ్చిందనుకున్నాను. మా అమ్మకి ఆఖర్న అలాగే మొదలైంది, నీకు తెలుసుగా. ఎవరితోనూ అనలేకపోయాను."

నాకు గుండె కలుక్కుమంది. ఎవరో ఎక్కడో తెరమీది ఒక బొమ్మని ఇటునుంచి అటు జరిపితే, తెనాలిలో ఒక ముసలావిడ పదిరోజులపాటు తన జ్ఞాపకశక్తి పోతోందని రాత్రిళ్ళు నిద్రలేకుండా గడిపింది. ఇది ఏ కంపెనీ లెక్కల్లోకీ రాదు. ఆ కుర్రాణ్ణి తిట్టడానికీ మనసొప్పదు. చిల్లులు పూడ్చవలసిందే కదా! ఒక్క మాట చెప్పి వెళితే ఎంత బావుండేది!

అల్లుడికి ఫోను చేసి పాస్‌వర్డ్ కనుక్కున్నాం. పిన్ని దాన్ని నన్ను రాయనివ్వలేదు. తనే పాలలెక్క పుస్తకం వెనక పేజీలో రాసుకుంది. ఆ పుస్తకంలో ఇప్పుడు నాలుగు పేజీలు పలకవే. తారీకు, ఏ అప్‌డేట్, ఏది ఎక్కణ్ణించి ఎక్కడికి పోయింది, అన్నీ గీతలు గీసి రాసుకుంటుంది. ఎవర్నీ ముట్టుకోనివ్వదు. అప్‌డేట్ వస్తే ఛార్జింగ్ నిండుగా పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, పక్కన కూచుని తనే మీట నొక్కుతుంది. మంగళవారం మాత్రం నొక్కదు. అది ఆవిడ పట్టింపు, మనమేం అనలేం.

ఆవిడ పద్ధతిలో మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. ఫోటోలు ఇంకో చోట దాచుకున్నాకనే అప్‌డేట్ వేసుకోవాలి. లోపల ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి. 2014లో ఐప్యాడ్‌కి వచ్చిన అప్‌డేట్ వేసుకోవడానికి నాలుగున్నర గిగాబైట్ల పైన ఖాళీ కావలసి వచ్చింది. 16 గిగాబైట్ల చిన్న పలకలున్నవాళ్ళు ఎంతమంది దానికోసం ఫోటోలూ పాటలూ చెరుపుకున్నారో! మరుసటేడు దాన్ని 1.3కి తగ్గించారు. అంటే మొదటే మనసు పెడితే తగ్గేదే కదా! మధ్యలో ఛార్జింగ్ అయిపోకుండా చూసుకోవాలి. పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజునే తొందరపడక, నాలుగురోజులు ఆగి పదిమంది ఏమంటున్నారో విని వేసుకోవచ్చు. చిల్లులు పూడ్చే చిన్నవి మాత్రం ఆపకూడదు.

ఇంకొక్క సంగతి. పలకకీ వయసొస్తుంది. 2010 నాటి మొదటి ఐప్యాడ్‌కి రెండేళ్ళకే అప్‌డేట్లు ఆగిపోయాయి. 2012 చివర్న కొన్నవాటికి, 2017లో వచ్చిన పెద్ద అప్‌డేట్ ఎక్కనే లేదు. లోపలి యంత్రం పాత తరహాది అన్నారు. పలక పనిచేస్తూనే ఉంటుంది, కానీ ఒక్కొక్క ఆప్పే "మీ ఇంటికి ఇంక రాలేను" అంటూ తప్పుకుంటుంది. అలాంటి పలకలో బ్యాంకు వ్యవహారాలు పెట్టుకోకండి, పూడ్చేవాళ్ళు లేని కప్పు అది. పాటలు వినడానికీ, దించుకున్న పుస్తకాలు చదువుకోవడానికీ ఇంకా కొన్నేళ్ళు నిక్షేపంగా పనికొస్తుంది. కొత్తవి రానంతమాత్రాన ఉన్న విలువ పోదు. ఈ మాట పలకలకి మాత్రమే చెబుతున్నాననుకోకండి.

అక్కచెల్లెళ్ళారా, పొద్దున్నే ఆ ప్రశ్న మళ్ళీ వస్తుంది. పాలు దించి, పొయ్యి కట్టేసి, ఒక్క అయిదు నిమిషాలు కూచుని అది ఏం చేస్తానంటోందో చదివి, మీరే జవాబివ్వండి. ఇప్పుడైనా సరే, తర్వాతైనా సరే, మాట మీదై ఉండాలి. అమ్మ పలక బాగుచేద్దామని సరదాపడే అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒక్క మనవి: నిద్రపోతున్నప్పుడు కాదు నాయనా, మేలుకున్నాక, ఆవిడ పక్కన కూచుని, ఆవిడ వేలితోనే నొక్కించండి.